ఐ-360కి ఆమోదం వచ్చాక వీసా ఎలా వస్తుంది? అర్చకులు, పాస్టర్ల కుటుంబాలకు వివరంగా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలోని ఒక ఆలయం మీ బావగారి కోసం వేసిన ఐ-360 పిటిషన్ (మతసేవకుడిగా గ్రీన్‌కార్డు కోసం వేసే అర్జీ) ఆమోదం పొందింది. ఆయన భార్యాపిల్లలతో కోనసీమలోనే ఉన్నారు. స్టాంపింగ్‌కి హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ ఎలా తీసుకోవాలి, ఎన్ని వారాలు పడుతుంది, ఈలోగా వెళ్లే దారి ఏమైనా ఉందా?

స్లాట్ మీరు తీసుకునేది కాదు, హైదరాబాద్‌లో ఇచ్చేదీ కాదు. ఇక సమయం వారాల్లో కాదు, ఏళ్లలోనే లెక్క వేసుకోవాలి. ఇండియాలో ఉంటున్నవారికి ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి. హెచ్-1బీ, ఎఫ్-1, టూరిస్టు వీసాల అలవాటు కొద్దీ మనవాళ్లు స్లాట్ కోసం వెతుకుతుంటారు. ఇక్కడ తేదీ వేసేది నేషనల్ వీసా సెంటర్, అంటే ఎన్‌వీసీ. ఇంటర్వ్యూ తేదీ ఈమెయిల్లో వస్తుంది.

ముందు ఆ ఐ-797 ఆమోదపత్రం పూర్తిగా చదవండి. పిటిషన్‌ని ఎన్‌వీసీకి పంపుతున్నాం అని అందులో ఉండాలి. ఐ-360 నింపేటప్పుడు ‘ఏ కాన్సులేట్‌లో వీసా తీసుకుంటారు’ అనే చోట ఊరి పేరు రాయకుండా, అమెరికాలోనే స్టేటస్ మార్చుకుంటారని రాసి ఉంటే ఫైలు అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ దగ్గరే ఉండిపోతుంది. ఆర్-1 (మతసేవకుల తాత్కాలిక వీసా) మీద అక్కడ పనిచేస్తూ పిటిషన్ వేయించుకుని, అయిదేళ్ల పరిమితి అయిపోయి ఇంటికొచ్చిన అర్చకుల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఏడాది గడిచినా ఎన్‌వీసీ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. దీనికి మందు ఐ-824. ఫైలును ఎన్‌వీసీకి పంపమని ఆలయమే ఆ ఫారం వేయాలి. దానికీ నెలలు పడుతుంది కాబట్టి అనుమానం ఉంటే ఇవాళే కదలండి.

ఇప్పుడు వరుస సంగతి. మీ బావగారి వర్గం ఉద్యోగ ఆధారిత నాలుగో ప్రాధాన్యం, ఈబీ-4. ఏడాదికి ఉన్న సుమారు 1,40,000 ఉద్యోగ ఆధారిత వీసాల్లో దీనికి దక్కేది 7.1 శాతం, అంటే దాదాపు 9,940. భార్యాపిల్లలూ ఈ లెక్కలోనే. ఇందులో మతసేవకులతో పాటు, తల్లిదండ్రుల నిరాదరణకు గురై అమెరికా కోర్టుల రక్షణలో ఉన్న మైనర్లు, మరికొన్ని చిన్న వర్గాలూ ఉన్నాయి. 2023 ఏప్రిల్ వీసా బులెటిన్‌లో (ఏ తేదీ వరకు వేసినవారికి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే ప్రకటన) అమెరికా విదేశాంగ శాఖ లెక్క కట్టే పద్ధతి మార్చింది. అప్పటిదాకా వేరే వరుసలో నిలబెట్టిన ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండూరస్ దరఖాస్తులను అందరి వరుసలోనే కలిపేసింది. దాంతో అందరి వంతు తేదీ ఒక్కసారిగా 2018 సెప్టెంబరు 1కి వెనక్కి పోయింది. 2025లో ఫిబ్రవరి ముగిసేసరికే ఆ ఆర్థిక సంవత్సరపు సంఖ్యలన్నీ అయిపోయాయి. సెప్టెంబరు 30 దాకా ఒక్క వీసా కూడా ఇవ్వలేదు. అమెరికా ప్రభుత్వానికి కొత్త సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, సంఖ్యలు అప్పుడే మళ్లీ పుడతాయి.

మీ బావగారి ప్రయారిటీ డేట్, అంటే వరుసలో ఆయన స్థానాన్ని చెప్పే తేదీ, ఐ-360 అందిన తేదీ. ఆమోదం వచ్చిన తేదీ కాదు. విదేశాంగ శాఖ ప్రతి నెలా ఇచ్చే బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి. ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ పట్టికలో మీ తేదీ దాటితే ఎన్‌వీసీ ఫీజూ కాగితాలూ అడుగుతుంది. ‘ఫైనల్ యాక్షన్’ పట్టికలో దాటితేనే వీసా ఇస్తారు. పట్టికలో ఫిబ్రవరి 15 అని ఉంటే ఫిబ్రవరి 14 వరకు ఉన్నవారికే వర్తిస్తుంది. సరిగ్గా 15 ఉన్నవారు ఆగాల్సిందే. తేదీకి బదులు ‘యూ’ అనే అక్షరం కనిపిస్తే ఆ నెల ఎవరికీ లేదు. మామూలు ఉద్యోగుల వర్గాలైన ఈబీ-2, ఈబీ-3లో ఇండియా వరుస చూసి చూసి అలవాటైనవాళ్లు ఇక్కడా ఇండియాకి ప్రత్యేకంగా వెనకబాటు ఉందేమోనని కంగారు పడతారు. ఈబీ-4లో సాధారణంగా అన్ని దేశాలకూ ఒకటే తేదీ నడుస్తోంది.

అయితే బులెటిన్‌లో ఏ వరుస చూడాలన్నది ఆయన్ని ఏ హోదాలో పిలిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. ‘మినిస్టర్’గా, అంటే పూజలు, ప్రార్థనలు నడిపే అర్హత ఉన్న మతగురువుగా పిటిషన్ వేస్తే ‘నాలుగో ప్రాధాన్యం’ వరుస. ఆయన వీసా మీద ఎస్‌డీ-1 అని, భార్యకు ఎస్‌డీ-2, పిల్లలకు ఎస్‌డీ-3 అని పడుతుంది. మినిస్టర్ కాని మతసేవకుడిగా వేస్తే ‘సర్టెన్ రిలీజియస్ వర్కర్స్’ వరుస, ఎస్‌ఆర్ కోడ్లు. ఈ రెండో రకానికి ఏడాదికి 5,000 పరిమితి ఉంది. దానికి మించిన ఇబ్బంది ఇంకోటి ఉంది: అది శాశ్వత చట్టం కాదు. కాంగ్రెస్ ఎప్పటికప్పుడు బడ్జెట్ బిల్లులతో పాటు గడువు పొడిగిస్తూ పోతుంది. గడువు రోజు అర్ధరాత్రి లోపు వీసా రావడమే కాదు, ఆ లోపు అమెరికాలో అడుగు కూడా పెట్టాలి. వీసా మీద చెల్లుబాటు తేదీ కూడా అదే వేస్తారు. మెడికల్ ఆరు నెలలు చెల్లుతుంది కదా, దీపావళి చూసుకుని బయల్దేరదాం అనుకుంటే మొత్తం పోతుంది. మినిస్టర్లకు ఈ బాధ లేదు.

ఆగమ పాఠశాలలో చదివి, దీక్ష పొంది, నిత్యకైంకర్యాలు స్వయంగా చేసే అర్చకుడిని మినిస్టర్‌గా చూపించడానికి ఆధారాలుంటాయి. పాఠశాల పట్టా, వైఖానసమా పాంచరాత్రమా స్మార్తమా, ఆ సంప్రదాయంలో అర్చకత్వానికి ఏం కావాలో చెప్పే పెద్దల లేఖ, ఇవన్నీ పనికొస్తాయి. పాస్టర్లకైతే ఆర్డినేషన్ సర్టిఫికెట్. ఇక ఆలయ కార్యాలయ పని, చందాల సేకరణ, శుభ్రత, మరమ్మతు వంటివే ప్రధానంగా ఉంటే చట్టం వాటిని మతసేవగా ఒప్పుకోదు. ప్రసాదాల వంట చేసే పరిచారకుల కేసులు అందుకే నలుగుతుంటాయి. పిటిషన్ ఆమోదమయ్యాక ఈ చర్చ ముగిసిందనుకోవద్దు, ఇంటర్వ్యూలో మళ్లీ లేస్తుంది.

ఈ ఏళ్లలో ఎక్కువ కేసులు పాడయ్యేది ఆలయం వైపు నుంచే. పిటిషన్ ఆలయానిది. వాళ్లు ఉపసంహరించుకుంటున్నామని ఒక ఉత్తరం రాస్తే ఆమోదం దానంతటదే రద్దవుతుంది. ఈబీ-2, ఈబీ-3లలో కంపెనీ మారినా పాత ప్రయారిటీ డేట్ వెంట వస్తుంది. ఈబీ-4కి ఆ సౌకర్యం లేదు. వేరే గుడికి మారితే కొత్త పిటిషన్, కొత్త తేదీ, వరుస చివర మళ్లీ నిలబడటం. కమిటీ ఎన్నికలై కొత్త కార్యవర్గం వచ్చినప్పుడల్లా వాళ్లకి ఈ ఫైలు సంగతి తెలిసిందో లేదో కనుక్కోండి. పాత అధ్యక్షుడి ఈమెయిల్ మీదే ఎన్‌వీసీ ఖాతా ఉంటే సమాచారం గాల్లో కలిసిపోతుంది. లాయరు మారినా అంతే.

ఎన్‌వీసీ ఫైలు తెరిచాక వెల్‌కమ్ లెటర్ వస్తుంది. అందులో కేస్ నంబర్, ఇన్‌వాయిస్ ఐడీ ఉంటాయి. రెండూ ఉంటేనే వీసా దరఖాస్తుల సైటు అయిన సీఈఏసీలోకి వెళ్లగలరు. ఏడాదికి ఒక్కసారైనా లాగిన్ అవ్వాలి, లేదా ఎన్‌వీసీకి రాయాలి. ఏడాదంతా చప్పుడు లేకుండా ఉంటే రిజిస్ట్రేషన్ రద్దు చేసే ప్రక్రియ మొదలుపెట్టగలరు. ఐ-360 కేసులకు వీసా ఫీజు మనిషికి 205 డాలర్లు. నలుగురికి 820. ఉద్యోగ ఆధారితం కదా అని 345 అనుకునేవారున్నారు, ఆ రేటు వేరే పిటిషన్లది. ఆలయం పిటిషన్ మీద వెళ్తున్నప్పుడు ఐ-864 స్పాన్సర్ ఫారం అక్కర్లేదు, దాని ఫీజూ లేదు. కాకపోతే ప్రభుత్వం మీద భారం కారని ఆఫీసరుకి నమ్మకం కలగాలి. జీతం, వసతి, భోజనం, ఆరోగ్య బీమా స్పష్టంగా రాసిన తాజా ఆఫర్ లెటర్, ఆలయ లెటర్‌హెడ్ మీద, ఇంటర్వ్యూకి కొద్ది వారాల ముందు తేదీతో తెప్పించుకోండి. పిటిషన్‌లో రాసిన జీతమూ ఇందులో రాసినదీ పొంతన కుదరాలి.

ఫీజు జమ అయ్యాక ఒక్కొక్కరికీ విడిగా డీఎస్-260, అంటే ఇమ్మిగ్రెంట్ వీసా దరఖాస్తు. పదహారేళ్ల వయసు నుంచి ఉన్న చిరునామాలన్నీ అడుగుతుంది. వేదపాఠశాల హాస్టలు, అద్దె ఇళ్లు, కొన్నాళ్లు పనిచేసిన గుడి దగ్గరి వసతి, అన్నీ రాయాలి. సోషల్ మీడియా ఖాతాలు రాయాలి. గతంలో హైదరాబాద్‌లో టూరిస్టు వీసా తిరస్కరణకు గురైతే అదీ రాయాలి. అప్పటి డీఎస్-160లో (టూరిస్టు వీసా దరఖాస్తు) వృత్తి ‘వ్యవసాయం’ అనో ‘వ్యాపారం’ అనో ఏజెంటు నింపి ఉండవచ్చు. ఐ-360లో అదే కాలానికి పూర్తికాల అర్చకుడని ఉంటుంది. చట్టం అడిగేది పిటిషన్‌కి ముందు రెండేళ్లు ఎడతెగని సేవ కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఆ పాత కాపీ దొరికితే ముందే చూసుకుని, వాస్తవమేమిటో ఆధారాలతో సిద్ధంగా ఉండండి. దాచితే తప్పుడు సమాచారం కింద శాశ్వత నిషేధం దాకా పోవచ్చు.

ఇక కాగితాలు. ఇక్కడ తొందర లేకుండా చదవండి.

జనన ధృవీకరణ: 1970 ఏప్రిల్ 1 తర్వాత పుట్టినవారికి జనన ధృవపత్రమే కావాలి, పదో తరగతి మార్కుల జాబితా సరిపోదు. అంతకుముందు పుట్టినవారికి స్కూలు సర్టిఫికెట్లలాంటి ప్రత్యామ్నాయాలు ఒప్పుకుంటారు. పల్లెలో ఇంట్లో పుట్టినవారి నమోదే ఉండదు. అప్పుడు ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘రికార్డులో లేదు’ అనే పత్రం తీసుకుని, ఆ తర్వాత ఆలస్య నమోదుకి అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. నిన్నమొన్న నమోదు చేయించిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే అనుమానంగా చూస్తారు. పాత స్కూలు రికార్డు, తల్లిదండ్రులో దగ్గరి పెద్దలో ఇచ్చిన అఫిడవిట్ కలిపి పెట్టండి. నమోదు ఉన్నా పేరు గడి ఖాళీగా ఉండి, ‘మగ శిశువు’ అని మాత్రమే ఉండటం మన జిల్లాల్లో మామూలే. పేరు చేర్పించి కొత్త ప్రతి తీసుకోవాలి.

పేర్ల సంగతి దీనికంటే తలనొప్పి. జనన ధృవపత్రంలో ‘వెంకట సుబ్రహ్మణ్యం’, పదో తరగతిలో ‘సీహెచ్.వి.ఎస్. శర్మ’, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి సర్‌నేమ్ గడిలో, మిగతాది గివెన్ నేమ్ గడిలో. మన కంటికి ఒకే మనిషి, అక్కడి గుమాస్తాకి ముగ్గురు. వీసా పాస్‌పోర్టు ప్రకారమే వస్తుంది కాబట్టి దాన్నే ప్రమాణంగా పెట్టుకోండి. మిగతా పేర్లన్నీ డీఎస్-260లో ‘వాడిన ఇతర పేర్లు’ దగ్గర రాయండి. అన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ జతచేయండి. పాస్‌పోర్టులో రెండు గడుల్లో ఒకటే నిండి ఉంటే ఆ పేరు వీసాలో ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు, అన్నింటికీ అదే అంటుకుంటుంది. ఏళ్ల గడువు చేతిలో ఉంది కాబట్టి పాస్‌పోర్టు ఇప్పుడే సరిచేయించుకోవడం నయం.

పెళ్లికి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. శుభలేఖ, దేవస్థానం రసీదు, పెళ్లి ఫోటోలు దానికి తోడు మాత్రమే. పాతికేళ్ల కిందటి పెళ్లిని ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు.

పోలీస్ క్లియరెన్స్ పదహారేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ కావాలి. ఇండియాది పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకోవాలి. స్థానిక స్టేషన్ నుంచి ఎస్సై సంతకంతో తెచ్చింది చెల్లదు. పదహారేళ్లు దాటాక వేరే దేశంలో ఏడాదికి పైగా ఉంటే అక్కడిదీ కావాలి. సింగపూర్, మలేసియా, గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చినవారు ఇది చివర్లో గుర్తు చేసుకుని ఇబ్బంది పడతారు. వేలిముద్రలు పంపి తెప్పించుకోవాల్సిన దేశాలూ ఉన్నాయి. అమెరికాలో ఉన్న కాలానికి అక్కడి పోలీసు పత్రం అడగరు. పోలీస్ క్లియరెన్స్‌కి రెండేళ్ల చెల్లుబాటే ఉంది కాబట్టి ఇండియాది మరీ ముందుగా తీసుకుని డబ్బు వృథా చేసుకోవద్దు.

తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువాదం సరైనదని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు రాసి సంతకం చేయాలి. మూలమూ అనువాదమూ ఒకే ఫైలుగా స్కాన్ చేసి ఎక్కించండి. వెనక పేజీలో ముద్ర ఉంటే ఆ పేజీ కూడా. ‘వెనక వైపు లేదు’ అని తిప్పి పంపితే మళ్లీ పరిశీలన వరుసలో నిలబడాలి. అన్నీ ఒప్పుకుంటే ‘డాక్యుమెంటరిలీ క్వాలిఫైడ్’ అని ఈమెయిల్ వస్తుంది. దానర్థం ఇంటర్వ్యూ ఖాయమని కాదు. ఫైనల్ యాక్షన్ తేదీ దాటాక, ముంబయిలో ఖాళీ ఉన్నప్పుడు పిలుస్తారు.

పిలుపు వచ్చాకే మెడికల్. కాన్సులేట్ జాబితాలోని ప్యానెల్ వైద్యులు మాత్రమే చేయాలి, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించిందంటే కఫం పరీక్ష తప్పదు. మూడు రోజులు మూడు నమూనాలు ఇవ్వాలి. కల్చర్ ఫలితం రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. చిన్నప్పుడు క్షయ వచ్చి తగ్గినవారు పాత చికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్తే వైద్యుడికి పోల్చి చూడటానికి వీలుంటుంది. వీసా చెల్లుబాటు మెడికల్ గడువుని దాటదు. సాధారణంగా ఆరు నెలలు, క్షయ అనుమానం ఉన్న కొన్ని కేసుల్లో మూడే. టీకాల పుస్తకం లేని పెద్దలకు అక్కడే వేస్తారు.

ముంబయిలో ముందొక రోజు వేలిముద్రలు, ఫోటో. తర్వాత కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అన్నీ ఒరిజినల్స్ తీసుకెళ్లాలి. అడిగేవి మామూలు ప్రశ్నలే: ఏ ఆగమం, గురువెవరు, ఆ ఆలయంలో మూలవిరాట్టు ఎవరు, రోజుకి ఎన్ని పూజలు, ఎంతమంది అర్చకులు, జీతం ఎవరిస్తారు, ఎక్కడ ఉంటారు, ఇక్కడ ఏ గుడిలో ఎన్నేళ్లు. లాయరు రాసిన పిటిషన్‌ని ఆయన ఒక్కసారి కూడా చదవకపోవడమే ఇక్కడ ప్రమాదం. ‘వారానికి నలభై గంటలు’ అని ఐ-360లో ఉంటే ఆయన వచ్చిన ఇంగ్లీషులో ‘పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట’ అంటే కేసు అక్కడే ఆగుతుంది, ఎందుకంటే పూర్తికాలమంటే వారానికి సగటున కనీసం 35 గంటలుండాలి. మంత్రపారాయణం, అలంకారం, నైవేద్యం, భక్తుల ఇళ్లలో వ్రతాలు అన్నీ కలిపి రోజు ఎలా గడుస్తుందో చెప్పగలగాలి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనాలి, తలూపకూడదు.

ఆఫీసరు పిటిషన్‌ని మళ్లీ మొదటి నుంచి తీర్పు చెప్పడు. కానీ యూఎస్‌సీఐఎస్‌కి తెలియని కొత్త విషయం బయటపడితే ఫైలు వెనక్కి పంపుతాడు. అప్పుడు రద్దు చేయబోతున్నామంటూ నోటీసు ఆలయానికి వెళ్తుంది, జవాబు వాళ్లే ఇవ్వాలి. దీనికి నెలలు కాదు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాగితం తక్కువైతే మాత్రం 221(జీ) చీటీ ఇస్తారు. ఆ రోజు వెబ్‌సైట్లో ‘రిఫ్యూజ్డ్’ అని కనిపిస్తుంది, హడలిపోకండి. అడిగింది ఏడాది లోపు ఇస్తే అదే దరఖాస్తు మీద పరిశీలన సాగుతుంది. ఏడాది దాటితే కొత్త ఫీజు, కొత్త దరఖాస్తు. గతంలో అమెరికాలో స్టేటస్ అయిపోయాక 180 రోజులకు మించి ఉండి వచ్చినవారికి మూడేళ్ల నిషేధం, ఏడాది, ఆపైన ఉంటే పదేళ్లు. అలాంటిది ఉంటే ఇంటర్వ్యూ దాకా ఆగకుండా లాయరుతో మాట్లాడాలి.

వీసా పడ్డాక ఒక్కొక్కరికీ యూఎస్‌సీఐఎస్ ఇమ్మిగ్రెంట్ ఫీజు 235 డాలర్లు, ఆన్‌లైన్‌లో, బయల్దేరే ముందే కట్టడం మంచిది. అది కట్టేదాకా గ్రీన్‌కార్డు ముద్రించరు. సీలు వేసిన కవరు ఇస్తే తెరవద్దు. వివరాలు ఎలక్ట్రానిక్‌గా వెళ్లిన కేసుల్లో కవరే ఉండదు, వీసా మీదే ఆ మాట రాసి ఉంటుంది. బావగారు ముందు, లేదా అందరూ కలిసి దిగాలి. కుటుంబం ఆయనకంటే ముందు దిగడానికి వీల్లేదు. ఎయిర్‌పోర్టులో ముద్ర పడిన వీసా ఏడాది పాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది. దిగిన వెంటనే ఆ గుడి వదిలేసి వేరే పని చూసుకుంటే, సిటిజన్‌షిప్ వేళ అసలు ఆ ఉద్దేశంతోనే వచ్చారా అని అడుగుతారు.

పిల్లల వయసు లెక్క ఇప్పుడే వేసుకోండి. పెళ్లికాని, 21 నిండని పిల్లలకే అవకాశం. ఫైనల్ యాక్షన్ తేదీ అందిన నెల మొదటి రోజున ఉన్న వయసులోంచి, ఐ-360 పెండింగులో ఉన్న కాలం తీసేస్తారు. అబ్బాయికి ఆ రోజుకి 21 ఏళ్ల 10 నెలలు, పిటిషన్ 14 నెలలు పెండింగులో ఉందనుకోండి, లెక్కలో వయసు 20 ఏళ్ల 8 నెలలు, గట్టెక్కుతాడు. అయితే తేదీ అందిన ఏడాది లోపు అతని పేరు మీద ఫీజో డీఎస్-260నో కదలాలి. ఆమోదం తర్వాత వరుసలో గడిచిన ఏళ్లు మాత్రం తీసేయరు. పెద్దమ్మాయికి ఇప్పుడు పదిహేడు, పద్దెనిమిది ఉంటే ఆమెని లెక్కలోంచి తప్పించి ప్లాను చేసుకోవడం క్షేమం.

ఈలోగా వెళ్లే దారి ఉంది: ఆర్-1. దానికి ఆలయం విడిగా ఐ-129 పిటిషన్ వేసి ఆమోదం తెచ్చుకోవాలి. మొదట 30 నెలల వరకు ఇస్తారు, మొత్తం అయిదేళ్లు. ఐ-360 ఉందన్న ఒక్క కారణంతో ఆర్-1 కాదనకూడదని నిబంధనల్లోనే ఉంది. దీనికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేస్తారు. భార్యాపిల్లలకు ఆర్-2, దాని మీద ఉద్యోగం చేయకూడదు. టూరిస్టు వీసా జోలికి మాత్రం పోవద్దు: వలస పిటిషన్ ఉన్నవారికి అది రావడం కష్టం, వచ్చినా దాని మీద గుడిలో జీతానికి అర్చన చేస్తే స్టేటస్ ఉల్లంఘన అవుతుంది, ముంబయి కిటికీ దగ్గర అదీ బయటికొస్తుంది.